తొమ్మిదో మెలకువ

బిళ్ళ పెట్టుకున్నవాళ్ళు మొత్తం ఎనిమిది మంది. తెర మీద మెలకువగా ఉన్నవాళ్ళు తొమ్మిది మంది.

వకుళ ముందు తన కళ్ళనే అనుమానించింది. వేలు పెట్టి పైనుంచి కిందికి మళ్ళీ లెక్కపెట్టింది. పక్క కుర్చీలో ఉన్న కౌసర్ ఆమె వేలు తోసేసి తన వేలు పెట్టి లెక్కపెట్టింది. రెండు వేళ్ళూ తొమ్మిదో వరస దగ్గరే ఆగాయి.

“అక్కా, అనసూయ అని రెండుసార్లున్నది చూడు,” అంది కౌసర్. “ఒకటి మన బంగారి. రెండోది ఎవరు?”

రెండోది ఎవరో వకుళకు చూడగానే తెలిసింది. తెలిసిన ఆ క్షణం నుంచి ఆమె అరచేతులకు చెమటలు పడుతూనే ఉన్నాయి.

హనుమకొండలోని ఆ స్మృతి కేంద్రానికి వచ్చేవాళ్ళందరిదీ ఒకటే కష్టం. పక్షవాతం వల్లనో మెదడు జ్వరం వల్లనో వాళ్ళ తలలో ఏదీ నిలవదు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు, మధ్యాహ్నం చూసిన మనిషి సాయంత్రానికి కొత్తవాడైపోతాడు. అలాంటివాళ్ళకు చెవి వెనక రూపాయంత బిళ్ళ అతికిస్తారు. అది వాళ్ళ జ్ఞాపకాలను కేంద్రంలోని డేటాబేస్‌కు పంపుతుంది, కావలసినప్పుడు తిరిగి తెచ్చిస్తుంది. అక్కడ మనుషులకొక పట్టిక, ఊళ్ళకొక పట్టిక, రుచులకొకటి, భయాలకొకటి ఉంటాయి. పట్టికకూ పట్టికకూ మధ్య చుట్టరికాలు ఉంటాయి. ఆ చుట్టరికాలు చెడకుండా చూసుకోవడమే వకుళ ఉద్యోగం.

బిళ్ళ ఉన్నంతకాలం మనిషికీ డేటాబేస్‌కీ మధ్య ఒక దారి తెరుచుకుని ఉంటుంది. కంప్యూటర్ వాళ్ళు దాన్ని సెషన్ అంటారు. కేంద్రంలో మాత్రం అందరూ దాన్ని మెలకువ అనేవారు, ఎందుకంటే మనిషి నిద్రపోయినా అది నిద్రపోదు. చిక్కల్లా ఏమిటంటే బిళ్ళలన్నీ ఒకే తలుపు నుంచి, ఒకే తాళంచెవితో లోపలికి వస్తాయి. లోపలికొచ్చాక డేటాబేస్ కంటికి అందరూ ఒకటే. ఎవరు ఎవరో పోల్చుకోవడానికి వకుళే ఒక ఉపాయం ఆలోచించింది. బిళ్ళ అతికించగానే నర్సు “మీరెవరు?” అని అడుగుతుంది. ఆ మనిషి తన నోటితో చెప్పిన జవాబు ఆ మెలకువకు చీటీలాగా వేలాడుతుంది. ఈ ఉపాయానికి వకుళను అందరూ తెగ మెచ్చుకున్నారు, ఆమె కూడా కాస్త మురిసిపోయింది. ఇప్పుడు ఒకే పేరుతో రెండు చీటీలు వేలాడుతున్నాయి.

ఒక అనసూయ వకుళ అత్తగారు. పక్షవాతం వచ్చాక రెండేళ్ళు బిళ్ళతోనే గడిపి, పోయిన నెలలో కాలం చేసింది. ఇంకో అనసూయ వకుళ కూతురు. పిల్ల పుట్టినప్పుడు వకుళ భర్త భూమేశ్ పట్టుబట్టి తన తల్లి పేరే పెట్టాడు. అత్తగారి పేరు కోడలి నోట రాకూడదు కాబట్టి వకుళ పిల్లను బంగారి అని పిలుచుకుంది. కంప్యూటర్ కడుపులో ఏముందో చిటికెలో చెప్పగల మనిషి, ఆ ఒక్క పేరు దగ్గర మాత్రం ఎనిమిదేళ్ళు మూగదానిలాగా నెట్టుకొచ్చింది. బడిలో చేర్పించిన రోజున కూడా పేరు మొగుడి చేతనే చెప్పించింది.

అత్తగారి దినాలు పూర్తి కాకముందే బంగారికి మెదడు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని తలలో ఏదీ నిలవకుండా పోయింది. కొత్త బిళ్ళ రావాలంటే నెలలు పడుతుందన్నారు. అప్పుడు వకుళే అత్తగారి బిళ్ళను తుడిచి, శుభ్రం చేయించి, పిల్లకు పెట్టమని డాక్టర్ కాళ్ళావేళ్ళా పడింది. పెట్టేటప్పుడు పిల్లకు స్పృహ లేదు. నర్సు “పాప పేరేంటమ్మా?” అని అడిగింది. అంత కష్టంలోనూ వకుళ నోరు పెగల్లేదు. మంచానికి వేలాడుతున్న కాగితం వైపు వేలు చూపించింది. నర్సు చదివి, అనసూయ అని కొట్టింది.

ఆ రోజు తుడిచింది బిళ్ళను మాత్రమే. డేటాబేస్ వైపు తెరిచి ఉన్న అత్తగారి దారిని ఎవరూ మూయలేదు. మనిషి పోయిందని దానికి ఎవరు చెబుతారు? బిళ్ళ తిరిగి వస్తుందని అది ఎదురుచూస్తూ కూర్చుంది. బిళ్ళ తిరిగి వచ్చింది.

“ఎప్పుడు తెరుచుకున్నయో టైం చూస్తే తెలుస్తది గదా?” అంది కౌసర్.

“మొన్న అందరినీ కొత్త మిషన్ మీదికి మార్చినం గద. అన్నిటికీ అదే టైం పడ్డది,” అంది వకుళ. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. “బిళ్ళ ఒకటే. తలుపు ఒకటే. పేరు ఒకటే. దేంతోని పోల్చాలె కౌసర్?”

*

కేంద్రం పెద్ద డాక్టర్ జనార్దన్ అంతా విని కాసేపు కళ్ళు మూసుకున్నాడు. ఆయనకు కోపం వస్తే అలాగే మూసుకుంటాడు, భయం వేసినా అలాగే మూసుకుంటాడు.

“పాపను పక్కా చేయాల్సింది ఈ సాయంత్రమే కదా?” అన్నాడు.

కొత్తగా బిళ్ళ పెట్టినవాళ్ళ జ్ఞాపకాలను కొన్నాళ్ళు కచ్చాగా ఉంచుతారు. అప్పటిదాకా మెలకువను మూస్తే ఆ రోజులన్నీ జరగనట్టే చెరిగిపోతాయి. గడువు తీరాక పక్కా చేస్తారు, ఆ తర్వాత ఎవరూ చెరపలేరు. ఒక బిళ్ళ మీద పక్కా అయ్యేది ఒక్క మెలకువే. ఇంకొకటి ఉంటే అది ఆనవాలు లేకుండా పోతుంది.

“వాయిదా వేస్తే సార్?” అంది వకుళ.

“చూడండమ్మా, ఈ పట్టికలు చూడండి.” ఆయన తెర మీద వేలు పెట్టాడు. “ఇద్దరికీ ఇల్లు ఒకటే, మనుషులు ఒకటే. ఒకరికి కొడుకు, ఒకరికి తండ్రి, మనిషి మాత్రం భూమేశే. చుట్టరికాలు అప్పుడే ఒకదాంట్లోకి ఒకటి పోతున్నాయి. రేపటికి ఇద్దరూ కలిసిపోతారు. అప్పుడు ఎవర్ని విడదీస్తాం?”

పాప మాట్లాడినప్పుడు ఏ వరసలో కదలిక వస్తే అదే పాప అనుకోవచ్చు కదా అని కౌసర్ అంది. పొద్దుటి నుంచీ యంత్రం దాచి ఉంచిన కదలికల గుర్తులు తిప్పి చూశారు. పాప మాట్లాడిన ప్రతిసారీ రెండు వరసలూ కదిలాయి. ఒకరు మాట్లాడుతుంటే ఒకరు పక్కన కూర్చుని వింటున్నట్టుగా కదిలాయి. కౌసర్ తన దుపట్టాను దగ్గరికి లాక్కుంది.

“సరే, భయపడొద్దు,” అన్నాడు డాక్టర్. “ఇంట్లో నవ్వుతూ తిరుగుతున్నది పాపే. రెండోది మీ అత్తగారి తాలూకు మిగులు, అంతే. పాపను తీసుకురండి. నువ్వెవరని మళ్ళీ అడుగుదాం. ఈసారి బంగారి అని చెబుతుంది. కొత్త చీటీ మాట్లాడినవాళ్ళ వరసకే పడుతుంది. ఆ వరసను ఉంచుదాం, మిగిలిన అనసూయను మూసేద్దాం.”

ఎంత తేలికగా ఉంది వినడానికి! వకుళ తలూపింది. కానీ ఇంట్లో నవ్వుతూ తిరుగుతున్నది పాపేనా అన్న ప్రశ్న ఆమెకు ఇవాళ కొత్తగా వచ్చింది కాదు.

*

బంగారి ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ భూమేశ్‌కు నేల మీద కాళ్ళు నిలవలేదు. కొత్తవాడలో అతనికి జంపఖానాల దుకాణం ఉంది. పిల్లను రోజూ అక్కడికి తీసుకెళ్ళేవాడు. ఒకరోజు పిల్ల ఒక జంపఖానా అంచును రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, “అంచు వదులున్నది, మల్ల నేయించు,” అందట. చూస్తే నిజంగానే వదులుగా ఉందట. “మా అమ్మ రక్తమే!” అని అతను వీధంతా చెప్పుకున్నాడు.

వకుళకు ఆ మాట విని నవ్వు రాలేదు. ఆమె ఇంకా వేరేవి చూసింది. పిల్ల కథల పుస్తకం తీసేటప్పుడు చూపుడువేలు ముక్కు దాకా పోయి, లేని కళ్ళద్దాలను పైకి తోసేది. దుప్పటిని నాలుగు మూలలూ కలిపి, పైన అరచేత్తో రెండుసార్లు చరిచి మడత పెట్టేది. అన్నిటికంటే భయపెట్టింది అద్దం. తల దువ్వడానికి అద్దం ముందు కూర్చోబెడితే పిల్ల కళ్ళు గట్టిగా మూసుకునేది.

“అద్దం వద్దమ్మా.”

“ఎందుకే?”

“వద్దు అంటున్న గదా.”

నానమ్మ ఒళ్ళో పెరిగిన పిల్ల, నానమ్మ చేష్టలు రావా అని భూమేశ్ కొట్టిపారేశాడు. వకుళ కూడా తనకు తాను అదే చెప్పుకుంది. చావు నుంచి తిరిగొచ్చిన పిల్లను అనుమానంగా చూడటానికి ఏ తల్లికి మనసొప్పుతుంది?

ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి కేంద్రానికి పోదాం పదండని చెప్పింది. ఎందుకో మాత్రం భూమేశ్‌కు పూర్తిగా చెప్పలేదు. అతను స్కూటర్ బయటికి తీశాడు. పిల్ల వచ్చి మధ్యలో కూర్చుంది. ఎప్పుడూ గుర్రమెక్కినట్టు అటొక కాలు ఇటొక కాలు వేసి, హారన్ కొట్టమని గోల చేసే పిల్ల, రెండు కాళ్ళూ ఒకవైపుకు వేసి, గౌను అంచు మోకాళ్ళ కిందికి లాక్కుని, తండ్రి భుజం పట్టుకుని ఒద్దికగా కూర్చుంది.

వెనక కూర్చున్న వకుళకు ఎండలో ఒళ్ళు జలదరించింది. పిల్ల జడ ఆమె ముఖానికి తగులుతోంది. ఆ జడను ఆ పొద్దున తానే వేసింది. ఇప్పుడు దాన్ని తాకాలంటే చెయ్యి రాలేదు.

“మెల్లగ పో బిడ్డా,” అంది పిల్ల, తండ్రితో.

“చూసినవా, అచ్చం మా అమ్మే!” అని భూమేశ్ వెనక్కి తిరిగి నవ్వాడు.

*

గదిలో బల్ల మీద తెర ఉంది, దాని ముందు కౌసర్. పిల్లను ఎత్తైన కుర్చీలో కూర్చోబెట్టారు. డాక్టర్ ముద్దుగా వంగి అడిగాడు.

“నువ్వెవరు తల్లీ?”

పిల్ల ఒక్క క్షణం తల్లి ముఖంలోకి చూసింది. తర్వాత డాక్టర్ వైపు తిరిగి, “బంగారిని,” అంది.

తెర మీద రెండు అనసూయల్లో ఒకటి మారింది. బంగారి అని ఒకటి, అనసూయ అని ఒకటి. డాక్టర్ నిట్టూర్చి, “అంతే, ఇంత సులువు,” అన్నాడు. “కౌసర్, అనసూయను మూసెయ్.”

కౌసర్ ఆ వరస మీదికి పోయింది. మూయమంటారా అని యంత్రం అడిగింది.

“ఆగు!” అంది వకుళ.

ఎందుకు ఆగమందో ఆమెకే తెలియదు. చేతిలో రుజువు ఏమీ లేదు. బంగారి అని పిల్ల తన నోటితో చెప్పింది, చీటీ పడింది, తన ఉపాయం తాను చెప్పినట్టే పనిచేసింది. కానీ ఆ చీటీ మీద ఏ పేరు చెబితే ఆ పేరే పడుతుంది. అబద్ధం చెబితే అబద్ధమే పడుతుంది. అది ఇన్నేళ్ళలో ఆమెకు ఒక్కసారి కూడా తట్టలేదు.

పిల్ల కాళ్ళు ఊపుతూ కూర్చుంది. వకుళ ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడింది. పెళ్ళైన నాటి నుంచి నాలుక మీదికి రానివ్వని ఆ పేరును బలవంతంగా బయటికి లాగింది.

“ఏయ్ అనసూయా! ఇటు చూడు!”

బంగారి అయితే ఏమంటుంది? బడిలో రోజూ హాజరు పిలిచే పేరే అది. “ఏందమ్మా?” అంటుంది, లేకపోతే అమ్మ ఇవాళ కొత్తగా పిలిచిందేమిటని నవ్వుతుంది.

పిల్ల కాళ్ళు ఊపడం ఆగిపోయింది. వెన్ను నిటారుగా అయింది. కుడిచెయ్యి భుజం మీదికి పోయి, లేని కొంగును వెతికి, ముందుకు లాక్కోబోయింది.

“ఏమన్నవే? అత్తను పేరు పెట్టి పిలిచేదానివైనవా?”

పిల్ల తన నోరు తానే చేత్తో మూసుకుంది. చిన్న అరచేతి పైనుంచి రెండు కళ్ళు అందరినీ మార్చి మార్చి చూశాయి. ఆ కళ్ళు ఎనిమిదేళ్ళ పిల్లవి కావు. వకుళ బల్ల అంచును పట్టుకుంది. కౌసర్ కీబోర్డు మీది నుంచి చేతులు తీసేసి ఒళ్ళో పెట్టుకుంది. తాను ఇంకొక్క మీట నొక్కి ఉంటే ఎవరు పోయేవారో ఆమెకు అర్థమైంది.

“అమ్మా?” అన్నాడు భూమేశ్.

పిల్ల చెయ్యి నోటి మీది నుంచి జారింది. “బిడ్డా,” అంది.

*

భూమేశ్ నేల మీద మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అంత పొడుగు మనిషి, తన కూతురి ఒళ్ళో తలపెట్టి, అమ్మా అమ్మా అని ఏడ్చాడు. ఆ చిన్న చెయ్యి అతని జుట్టు నిమిరింది. వకుళ అటు చూడలేకపోయింది, చూడకుండానూ ఉండలేకపోయింది. తన జీవితంలో అంతకంటే భయంకరమైనది ఆమె చూడలేదు.

“అత్తమ్మా,” అంది చివరికి. “నా బిడ్డ ఏది?”

“ఈడనే ఉన్నది.”

“ఎక్కడ?”

“నా ఎనుక. చీకట్ల. చెయ్యి పట్టుకున్న.” పిల్ల గొంతే అది, మాట మాత్రం పెద్దామెది. “కావాల్నని రాలే వకులా. కండ్లు తెరిస్తే చిన్న చిన్న చేతులు కనబడ్డయ్. నావే అనుకున్న. ఆడుకుంటున్నట్లు కలొచ్చింది అనుకున్న. నువ్వు అద్దం ముంగట కూసోబెట్టిన దినం సమజైంది. అందుకే మల్ల అద్దం చూడలే. ఆ పిల్ల ముఖం చూస్తే నా పాణం ఆగమాగమైతుండె.”

“సమజైనంక ఎందుకు చెప్పలే?” వకుళకు కోపం తన్నుకొచ్చింది. “నా బిడ్డను చీకట్ల పెట్టి, దాని గౌను తొడుక్కొని, దాని అన్నం తిన్నవా?”

“భయమైందే.”

భూమేశ్ జుట్టు నిమురుతున్న చిన్న చెయ్యి ఆగింది.

“మీకు తెల్వదు,” అంది పెద్దామె. “ఊపిరి పోయినంక గూడ జెరసేపు ఇనబడ్తది. నువ్వు ఏడ్చుడు ఇనబడ్డది. వీడు నన్ను లేపుడు ఇనబడ్డది. పలుకుదామంటే నోరు లేదు. ఒక్కొక్కటి పోతనే ఉంటది, ఆఖరికి ఎవరు ఏడుస్తున్నరో గూడ తెల్వకుంటైతది. ఆడికి మల్ల పొమ్మంటే యెట్ల పోవాలె?”

భూమేశ్ తలెత్తాడు. ముఖమంతా తడి. “వకులా, ఇంకొక్క దినం. ఒక్క దినం ఉండనియ్. డాక్టర్ సాబ్, మీ కాళ్ళు మొక్కుత.”

డాక్టర్ తల అడ్డంగా ఊపాడు. తెర మీద చుట్టరికాలు ఒకదాంట్లో ఒకటి కలుస్తూనే ఉన్నాయి. కౌసర్ గొంతు పీలగా వచ్చింది. “అక్కా, మనుషుల పట్టికల నీ చుట్టరికాలన్నీ కలిసిపోయినయ్. నువ్వు ఒకరికి కోడలువా, ఒకరికి అమ్మవా, దానికిప్పుడు తెల్వట్లే. జల్దీ చెయ్యాలె.”

వకుళ కౌసర్‌ను లేపి ఆ కుర్చీలో కూర్చుంది. ఏ వరసను మూయాలో ఇప్పుడు ఆమెకు తెలుసు. ఆ వరస మీద బంగారి అని రాసి ఉంది.

బాణం గుర్తు దాని మీదికి తీసుకుపోయింది. బంగారిని మూయమంటారా అని యంత్రం అడిగింది. వేలు మీట మీద ఉంది, కిందికి దిగలేదు. ఎదురుగా కుర్చీలో తన బిడ్డ కూర్చుని తన వైపే చూస్తోంది, తెర మీద తన బిడ్డ పేరే ఉంది. తాను అనుకున్నదంతా తప్పేమో. పిల్ల నిజంగానే నానమ్మను అనుకరించిందేమో. జ్వరం వచ్చిన పిల్లలు ఏమేమో మాట్లాడరా? ఆమె ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుంది, అయినా వేలు దిగలేదు.

కుర్చీలోని పిల్ల ఆ చేతుల్నే చూస్తోంది.

“ఏమని రాసున్నది ఆడ?” అంది.

వకుళ తెరను తన వైపుకు తిప్పుకుంది.

“నేను చెప్పిన పేరే ఉన్నదా? బంగారి అని?”

“ఉన్నది అత్తమ్మా.”

పెద్దామె కొడుకును మెల్లగా పక్కకు జరిపింది. కుర్చీలో సర్దుకుని కూర్చుంది. పెదవులు భయంతో అదురుతున్నాయి, దాన్ని దాచుకోవాలని కూడా అనుకోలేదు.

“ఆ పేరు మీద ఒత్తకు బిడ్డా. ఎన్నడు నిద్రపట్టదు నీకు. మల్ల అడుగు.”

“ఏమని?”

“అడుగుతరు గద, నువ్వెవరని. మల్ల అడుగు.”

వకుళ మీట మీది నుంచి వేలు తీసి పిల్ల వైపు తిరిగింది.

“నువ్వెవరు?”

“బంగారి నానమ్మను.”

తెర మీద చీటీ మారింది. బంగారి నానమ్మ అని ఒక వరస, అనసూయ అని ఒక వరస. ఇప్పుడు ఇద్దరిలో ఎవరు ఎవరో చూసినవాళ్ళెవరికైనా తెలుస్తుంది.

“జల్దీ ఒత్తు,” అంది పెద్దామె. “నాకు మల్ల భయమైతది. భూమేశూ, నా దిక్కు చూడకురా.”

వకుళ నొక్కింది.

పిల్ల తల ముందుకు వాలింది. భూమేశ్ పట్టుకున్నాడు. కౌసర్ గొణుక్కుంటూ తెర మీద వరసలు లెక్కపెట్టింది. ఎనిమిది వచ్చాయి. డాక్టర్ పిల్ల చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. బయట ఎవరో స్కూటర్‌ను స్టాండ్ వేస్తున్న చప్పుడు వినిపించింది.

పిల్ల కళ్ళు తెరిచింది. చుట్టూ చూసింది. ముఖం ముడిచి, ఒక్కసారిగా బావురుమంది.

“అమ్మా! ఎంత పిలిచినా పలుకవేంది?”

వకుళ పరిగెత్తి పిల్లను గుండెకు అదుముకుంది. పిల్ల ఒళ్ళు చల్లగా ఉంది. ఏడుస్తూనే కుడిచెయ్యి ఎత్తి, ఖాళీ అరచేతిని చూసుకుంది. అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

“నానమ్మ చెయ్యి పట్టుకున్నది. చీకటైతుంది, విడువకే అన్న. విడువ అన్నది. గిప్పుడే విడిచింది. ఎటు పోయిందమ్మా?”

ఆ ప్రశ్న విని భూమేశ్ గది బయటికి వెళ్ళిపోయాడు. సాయంత్రం పిల్ల పక్కా అయింది.

*

ఆ ఇంట్లో బంగారి అనే పిలుపు ఆ రోజుతో పోయింది. బడికి తయారుచేసేటప్పుడూ, అన్నానికి పిలిచేటప్పుడూ వకుళ గొంతెత్తి “అనసూయా!” అనే పిలుస్తుంది. అత్త పోయింది, కోడలికి నోరొచ్చిందని వాడకట్టులో నవ్వుకున్నారు. నవ్వుకోనీ. పిలిచిన ప్రతిసారీ వకుళ ఊపిరి బిగపట్టి పిల్ల కుడిచేతి వైపు చూస్తుంది. ఆ చెయ్యి భుజం మీదికి, లేని కొంగు కోసం పోతుందేమోనని చూస్తుంది. పోదు. “ఏందమ్మా?” అని పిల్ల విసుక్కుంటుంది. అప్పుడు గాని ఆమె ఊపిరి వదలదు.

భూమేశ్ కూడా చూస్తాడు. చేతిలో ఉన్న పని ఆపి మరీ చూస్తాడు. ఆ చెయ్యి భుజం మీదికి పోకూడదని చూస్తాడో, పోతే బాగుండునని చూస్తాడో వకుళ ఎన్నడూ అడగలేదు. అడగడానికి ఆమెకు భయం.

ఒక ఆదివారం పొద్దున ముగ్గురూ ఉప్మా తింటున్నారు. నీళ్ళ గ్లాసు అందుకోమని వకుళ “అనసూయా!” అంది. భూమేశ్ చెంచా గాలిలో ఆగింది. పిల్ల గ్లాసు అందుకోకుండా ఇద్దరి ముఖాల్లోకీ చూసింది.

“అమ్మా, పిలిచినప్పుడల్లా మీరిద్దరు నా చెయ్యి దిక్కు ఎందుకు చూస్తరు?”